పొడగరుల లెక్క: అంకెలు చెప్పేది, చెప్పనిది



బాస్కెట్‌బాల్ అనగానే కళ్ల ముందు మెదిలేది పొడుగు మనిషి. బళ్లో జట్టు కట్టేటప్పుడు వ్యాయామ ఉపాధ్యాయుడి చూపు ముందుగా చివరి బెంచీ మీదికే పోతుంది. అక్కడ కూర్చున్న పొడగరి పిల్లవాణ్ణి లేపి, తీసుకుపోయి రింగు కింద నిలబెడతాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ పిల్లవాడు ఎలా ఆడాడో తూచేటప్పుడే చిక్కు వస్తుంది. తాలూకా పోటీ ముగించుకుని జట్టు తిరిగి రాగానే ఊళ్లో అందరూ అడిగేది ఒకటే మాట: "మీవాడు ఎన్ని పాయింట్లు వేశాడు?" నాలుగు అని చెబితే, "ఓస్, అంతేనా" అనేస్తారు.

ఆ ఒక్క అంకెతో మనిషిని తూచవచ్చునా అన్నది ఈనాటి ప్రసంగ విషయం. లెక్కలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి కనుక అంకెలను పక్కన పారేయమని చెప్పను. ఇంకొన్ని అంకెలు కూడా చూడమంటాను. అవి ఎక్కడ ఆగిపోతాయో అక్కడ మనమూ ఒక క్షణం ఆగి ఆలోచించాలంటాను. ఇందుకు ఉదాహరణగా అమెరికాలోని ఎన్.బి.ఎ. పోటీల్లో 2003-04 సీజను ఆడిన డెట్రాయిట్ పిస్టన్స్ జట్టును తీసుకుందాం. ఆ జట్టు పొడగరుల పట్టిక పైపైన చూస్తే బలహీనంగానే కనిపిస్తుంది. ఆ ఏడు విజేతలు మాత్రం వాళ్లే.

ముందుగా ఆట అంతగా తెలియనివారి కోసం నాలుగు మాటలు. మైదానంలో జట్టుకు ఐదుగురు ఉంటారు. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దానికి దగ్గరగా మసలే ఇద్దరిని, అంటే సెంటర్‌ను, పవర్ ఫార్వర్డ్‌ను, మనం పొడగరులు అని పిలుచుకుందాం. గురి తప్పి తిరిగి వచ్చిన బంతిని అందుకోవడం రీబౌండు. ఎదుటివాడు వేసిన బంతిని గాలిలోనే అడ్డుకోవడం బ్లాకు. ఎదుటివాడి చేతిలోని బంతిని కాజేయడం స్టీలు. మామూలు షాటు పడితే రెండు పాయింట్లు, దూరపు గీత బయటి నుంచి పడితే మూడు. షాటు వేసేవాణ్ణి ఎదుటివారు తప్పుగా అడ్డుకుంటే, 15 అడుగుల దూరం నుంచి అతన్ని ఎవరూ అడ్డులేకుండా వేసుకోనిస్తారు. అది ఫ్రీత్రో. ఒక్కోదానికి ఒక పాయింటు.

ఇక డెట్రాయిట్ పొడగరుల దగ్గరికి వద్దాం. వారిలో ముఖ్యుడు బెన్ వాలెస్. 1996లో కాలేజీ ఆటగాళ్లను ఎన్.బి.ఎ. జట్లు వరసగా ఎంచుకున్నప్పుడు ఒక్క జట్టు కూడా ఇతని పేరు పిలవలేదు. సెంటర్ స్థానంలో ఆడేవాడికి ఏడడుగుల ఎత్తు ఉండాలని ఆశించేవారు. జాబితాలో ఇతని ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు మాత్రమే. 2003-04లో ఇతని సగటు మ్యాచికి 9.5 పాయింట్లు, 12.4 రీబౌండ్లు, 3 బ్లాకులు, 1.8 స్టీళ్లు. వేసిన షాట్లలో పడినవి నూటికి 42. ఫ్రీత్రోలలో పడినవి నూటికి 49.

మొదట బలహీనతను లెక్క కడదాం. దగ్గర కాగితం, కలం ఉంటే మీరూ వేసుకోండి. ఎన్.బి.ఎ.లో మామూలు ఆటగాడు నాలుగు ఫ్రీత్రోలు వేస్తే మూడు పడతాయి. బెన్ వాలెస్ వేస్తే రెండే. అంటే నాలుగు ఫ్రీత్రోలకు ఒక పాయింటు నష్టం. రింగు పక్కనే తిరిగే పొడగరి పది షాట్లు వేస్తే ఐదు పడాలని ఆశిస్తాం. అప్పుడు పది పాయింట్లు. ఇతనికి నాలుగు పైచిలుకు పడతాయి, ఎనిమిదిన్నర పాయింట్లు కూడా రావు. అంటే మరో పాయింటున్నర నష్టం. రెండూ కలిపితే ఒక్కో మ్యాచికి రెండున్నర పాయింట్ల దాకా తరుగు వస్తున్నదన్నమాట. ఇది కంటికి కనిపించే నష్టం. చూసేవాళ్లు "అయ్యో" అని నెత్తి కొట్టుకునేది దీనికే.

అదే జట్టులో మెహ్మెత్ ఒకుర్ అనే టర్కీ దేశపు పొడగరి ఉండేవాడు. మ్యాచికి అతని సగటు 9.6 పాయింట్లు. బెన్ వాలెస్ కంటే చుక్కంత ఎక్కువే. అయితే బెన్ వాలెస్ మ్యాచికి దాదాపు 38 నిమిషాలు ఆడేవాడు, ఒకుర్ ఆడేది 22 నిమిషాలు. ఒకుర్‌ను కూడా 38 నిమిషాలు ఆడించి ఉంటే, అదే వేగంతో 16 పాయింట్లు వేసి ఉండేవాడు. అతని ఫ్రీత్రోలు నూటికి 77 పడేవి. ఈ అంకెలు మాత్రమే చూసి జట్టు కట్టమంటే, మనలో చాలామంది బెన్ వాలెస్‌ను కూర్చోబెట్టి ఒకుర్‌ను దింపుతాం. జట్టు శిక్షకుడు ల్యారీ బ్రౌన్ ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదో తెలియాలంటే పట్టికలోని మిగతా గళ్లు చూడాలి.

ఇక్కడ ఒక చిన్న సూత్రం గుర్తుంచుకోవాలి. బంతి చేతికి వచ్చిన ప్రతిసారీ జట్టుకు ఒక వంతు దొరికినట్టు. ఆ సీజనులో ఒక్కో జట్టుకు మ్యాచికి సుమారు 90 వంతులు వచ్చేవి, సగటున 93 పాయింట్లు వేసేవారు. అంటే ఒక వంతు విలువ దాదాపు ఒక పాయింటు. ఈ సూత్రం చేతిలో ఉంటే రీబౌండుకూ స్టీలుకూ వెల కట్టవచ్చు.

బెన్ వాలెస్ రీబౌండ్లు 12 పైన అని చెప్పుకున్నాం. వాటిలో నాలుగు తన జట్టువాళ్లు గురి తప్పిన బంతులు. పోయిందనుకున్న వంతు తిరిగి చేతికి వచ్చిందన్నమాట. నాలుగు వంతులంటే నాలుగు పాయింట్లు. ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. అతని చోట ఇంకెవరైనా ఉన్నా రెండు, రెండున్నర తెచ్చేవారే. కాబట్టి అతని వల్ల అదనంగా వచ్చింది ఒకటిన్నర, రెండు అనుకుందాం. స్టీళ్లు దాదాపు రెండు. సాధారణ పొడగరికి మ్యాచికి ఒకటి దొరికితే గొప్ప. అక్కడ మరో పాయింటు. బ్లాకులు మూడు. మామూలు సెంటర్‌కు ఒకటో, ఒకటిన్నరో ఉంటాయి. అక్కడ ఇంకొంత. ఇదంతా ఉజ్జాయింపు లెక్కే. అయినా ఫ్రీత్రో గీత దగ్గర పోగొట్టుకున్నది రీబౌండ్ల దగ్గర, స్టీళ్ల దగ్గర రాబట్టుకున్నాడని తేలుతుంది. పోగొట్టుకున్నది అందరికీ కనబడింది. సంపాదించింది నలుగురి తోపులాటలో, నిశ్శబ్దంగా జరిగింది.

ఇంతవరకు గళ్లలో ఉన్న అంకెలు. గళ్లే లేని పని కూడా ఒకటుంది. బాస్టన్ సెల్టిక్స్ జట్టులో 1956 నుంచి 1969 దాకా బిల్ రసెల్ అనే సెంటర్ ఆడాడు. 13 సీజన్లలో 11 సార్లు అతని జట్టు విజేతగా నిలిచింది. బ్లాకు చేయడంలో అతన్ని మించినవాడు లేడని చూసినవారంతా అన్నారు. మరి అతను మొత్తం ఎన్ని బ్లాకులు చేశాడు? ఆ లెక్క అధికార పట్టికల్లో లేదు. ఎన్.బి.ఎ. బ్లాకులనూ స్టీళ్లనూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో. అప్పటికి అతను ఆట మానేసి నాలుగేళ్లయింది. లెక్క రాయనంత మాత్రాన పని జరగలేదని అనగలమా?

పైగా బ్లాకులన్నీ ఒకటి కావు. బంతిని ప్రేక్షకుల్లోకి చరిస్తే చప్పట్లు పడతాయి, కాని బంతి మళ్లీ ఎదుటివాళ్లకే పోతుంది. రసెల్ బంతిని మెల్లగా తట్టి తనవాళ్ల చేతికి అందేలా చేసేవాడు. పట్టికలో ఈ రెండూ ఒక్కొక్క బ్లాకే. ఇంకొకటి కూడా ఉంది. రింగు కింద గట్టివాడు కాచుకుని ఉన్నాడని తెలిస్తే ఎదుటివాడు లోపలికి రావడానికే జంకుతాడు. దూరం నుంచే ఏదో ఒక షాటు విసిరేస్తాడు. వేయకుండా మానుకున్న షాటుకు ఏ పట్టికలోనూ గడి లేదు. కాపలా మనిషి ఉన్న తోటలో దొంగతనాలు ఎన్ని ఆగాయో ఎవరు లెక్కపెట్టగలరు?

అలాంటి పనిని తిన్నగా లెక్కపెట్టలేకపోయినా, దాని ఫలితాన్ని వేరేచోట పట్టుకోవచ్చు. ఎదుటి జట్టు ఎన్ని పాయింట్లు వేయగలిగిందో చూడాలి. 2003-04లో డెట్రాయిట్ మ్యాచికి వేసింది 90 పాయింట్లే. లీగు సగటు 93 కంటే తక్కువ. ఎదుటివాళ్లను వేయనిచ్చింది మాత్రం 84.3. ఆ ఆరు పాయింట్ల తేడాతోనే 82 మ్యాచుల్లో 54 గెలిచారు.

2004 ఫిబ్రవరిలో ఆ జట్టుకు మరో పొడగరి వచ్చి చేరాడు. ఇతని ఇంటిపేరు కూడా వాలెస్. పేరు రషీద్. ఇద్దరికీ చుట్టరికం లేదు. రషీద్ వాలెస్‌కు దూరం నుంచి షాటు వేసే నేర్పు ఉంది. బెన్ వాలెస్‌లో లేనిది అదే. డెట్రాయిట్ తరఫున ఆ సీజనులో ఆడిన 22 మ్యాచుల్లో సగటున 13.7 పాయింట్లు, 7 రీబౌండ్లు, 2 బ్లాకులు. ఇతని బలహీనత నోరు, కోపం. 2000-01లో వేరే జట్టుకు ఆడుతూ ఒకే సీజనులో 41 టెక్నికల్ ఫౌళ్లు తెచ్చుకుని రికార్డు సృష్టించాడు. టెక్నికల్ ఫౌలంటే ఎక్కువగా రెఫరీతో వాదించినందుకు, ప్రవర్తన బాగాలేనందుకు పడే శిక్ష. ఎదుటి జట్టుకు ఊరికే ఒక ఫ్రీత్రో ఇచ్చినట్టే. ఒకరికి గురి లేదు, ఒకరికి ఓర్పు లేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డాక, మార్చి నెలలో వరసగా ఐదు మ్యాచుల్లో ఎదుటి జట్లు 70 పాయింట్లు కూడా దాటలేకపోయాయి.

అసలు పరీక్ష 2004 జూన్‌లో జరిగిన ఫైనల్ పోటీలు. ఎదురుగా లాస్ ఏంజెలెస్ లేకర్స్. 2000, 2001, 2002లలో వరసగా మూడుసార్లు గెలిచిన జట్టు. వాళ్ల సెంటర్ షకీల్ ఓ'నీల్ 7 అడుగుల 1 అంగుళం ఎత్తు మనిషి, కొండలాంటివాడు. అలాంటివాడి మీదికి ఏ జట్టయినా ఇద్దరిని, ముగ్గురిని పంపేది. ఇద్దరు అతన్ని చుట్టుముడితే బయట ఒకడు ఖాళీగా మిగులుతాడు. ఓ'నీల్ బంతిని ఆ ఖాళీ మనిషికి అందించేవాడు. డెట్రాయిట్ వేరే దారి ఎంచుకుంది. ఎక్కువ సమయం ఒక్క పొడగరినే అతని ముందు నిలబెట్టి, మిగతా నలుగురినీ తమ తమ మనుషుల దగ్గరే ఉంచింది. ఓ'నీల్ వేసుకుంటే వేసుకోనీ, మిగతావారి చేతులు కట్టేద్దాం అన్నదే ఎత్తు.

మొదటి మ్యాచి ఫలితం చూడండి. ఓ'నీల్ 34 పాయింట్లు వేశాడు. కోబీ బ్రయాంట్ 25 వేశాడు. మిగతా లేకర్స్ అందరూ కలిసి వేసింది 16. డెట్రాయిట్ 87, లేకర్స్ 75. నాలుగో మ్యాచిలో ఓ'నీల్ 36 పాయింట్లు, 20 రీబౌండ్లు సాధించాడు. అయినా డెట్రాయిట్ 88-80తో గెలిచింది. ఆ రోజు రషీద్ వాలెస్ 26 పాయింట్లు వేసి, 13 రీబౌండ్లు అందుకున్నాడు. ఐదు మ్యాచుల్లో ఓ'నీల్ సగటు 26.6 పాయింట్లు, 10.8 రీబౌండ్లు. ఇద్దరు సెంటర్ల పాయింట్ల గడి పక్కపక్కన పెట్టి చూస్తే ఓ'నీల్‌దే పైచేయి. సిరీసు మాత్రం డెట్రాయిట్ 4-1తో గెలుచుకుంది. చివరి మ్యాచిలో బెన్ వాలెస్ 18 పాయింట్లు వేసి, 22 రీబౌండ్లు అందుకున్నాడు. లేకర్స్ పొడగరి కార్ల్ మలోన్ మోకాలి దెబ్బతో బాధపడ్డాడనీ, చివరి మ్యాచి ఆడలేకపోయాడనీ కూడా చెప్పాలి. గెలుపు మొత్తాన్నీ ఒకే కారణానికి కట్టబెట్టడం సరికాదు.

ఇదంతా విని, అయితే బలహీనతలను పట్టించుకోనక్కరలేదు కాబోలు అనుకుంటే పొరపాటు. తరువాతి ఏడాది, 2005లో, డెట్రాయిట్ మళ్లీ ఫైనల్‌కు వచ్చింది. ఎదుటి జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్. చెరి రెండు మ్యాచులు గెలిచాక ఐదో మ్యాచి అదనపు సమయానికి పోయింది. ఇంకా పది సెకన్లు కూడా లేవు, డెట్రాయిట్ రెండు పాయింట్లు ముందుంది. గీత బయట నిలబడి రాబర్ట్ హోరీ బంతిని లోపలికి, మను జినోబిలీకి అందించాడు. హోరీని కాచుకోవలసిన రషీద్ వాలెస్ అతన్ని వదిలి, బంతి ఉన్న జినోబిలీ వైపు పరుగెత్తాడు. జినోబిలీ బంతిని తిరిగి హోరీకే ఇచ్చాడు. ఎదురుగా ఎవరూ లేరు. మూడు పాయింట్ల షాటు పడింది. శాన్ ఆంటోనియో 96, డెట్రాయిట్ 95. చివరకు ఆ సిరీసు శాన్ ఆంటోనియో 4-3తో గెలిచింది. ఆ మ్యాచి పట్టికలో రషీద్ పేరు ఎదురుగా ఈ పొరపాటుకు గడి లేదు. కనబడని మేలు ఉన్నట్టే కనబడని కీడు కూడా ఉంటుందన్నమాట.

బెన్ వాలెస్ ఫ్రీత్రోల సంగతీ అంతే. 2005-06 నాటికి అవి నూటికి 42కు దిగాయి. రెండు ఫ్రీత్రోలకు సగటున ఎనిమిది పదో వంతుల పాయింటు. ఒక వంతు విలువ ఒక పాయింటని ముందే చెప్పుకున్నాం. అంటే అతన్ని మామూలుగా ఆడనివ్వడం కంటే ఫౌలు చేసి గీత దగ్గరికి పంపడమే ఎదుటివారికి లాభం. 49 ఉన్నప్పుడు ఈ ఎత్తు వల్ల వారికి పెద్దగా ఒరిగేది లేదు. 42కు దిగేసరికి అది ఆయుధమైంది. ఏడు శాతం తేడాతో లోపం స్వభావమే మారిపోయింది. ఆ సీజనులో 64 మ్యాచులు గెలిచిన డెట్రాయిట్, సెమీఫైనల్‌లాంటి తూర్పు విభాగపు తుది పోరులో మయామీ చేతిలో 4-2తో ఓడింది. అప్పుడు మయామీ సెంటర్ ఎవరో కాదు, షకీల్ ఓ'నీలే.

మరి మన బళ్లకు ఇందులో పనికొచ్చేది ఏమిటి? మన సరిహద్దు ప్రాంతాల బళ్లలో, అది కన్నడ బడి అయినా, తమిళ బడి అయినా, ఒరియా బడి అయినా, ఖర్చులేని పని ఒకటి చేయవచ్చు. ఆడని పిల్లల్లో ఒకరికి నోటుబుక్కు ఇచ్చి గట్టు మీద కూర్చోబెట్టండి. పాయింట్ల గడి పక్కన మరో నాలుగు గళ్లు గీయించండి. మొదటి గడిలో, మనవాళ్లు గురి తప్పిన బంతిని తిరిగి తెచ్చినవి ఎన్ని. రెండో గడిలో, బ్లాకు చేసిన బంతి చివరికి ఎవరి చేతికి చేరింది. మూడో గడిలో, ఆ పిల్లవాడు మైదానంలో ఉన్న సమయంలో ఎదుటి జట్టు ఎన్ని వేసింది, కూర్చున్నప్పుడు ఎన్ని వేసింది. నాలుగో గడిలో, ఫ్రీత్రోలు వేసినవి ఎన్ని, పడినవి ఎన్ని. ఒక్క మ్యాచి చూసి తీర్పు చెప్పకండి. పది మ్యాచుల దాకా ఓపిక పట్టండి. ఒక్క రోజు అంకె గాలివాటు, పది రోజుల అంకె అలవాటు.

పట్టిక నిండాక రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ లోపం సాధనతో దిద్దుకునేదా? ఫ్రీత్రో అలాంటిదే. రోజూ బడి వదిలాక యాభై వేయించవచ్చు. అందరికీ ఒకేలా కుదరకపోవచ్చు, కాని ప్రయత్నానికి డబ్బు ఖర్చు లేదు. రెండో ప్రశ్న, దిద్దుకోలేని లోపమైతే పక్కన నిలబడే మనిషి దాన్ని పూడ్చగలడా? గురి లేని బెన్ వాలెస్ పక్కన గురి ఉన్న రషీద్‌ను నిలబెట్టినట్టు, మనమూ జతలు చూసి కట్టాలి. "వీడు నాలుగే వేశాడు" అని తీసేసిన పిల్లవాడు, ఆ రోజు ఎదుటివాళ్లను పన్నెండు వేయకుండా ఆపినవాడై ఉండవచ్చు. ఆ సంగతి మనం రాసిపెట్టకపోతే అతనికి కూడా తెలియదు. తన పని ఎవరికీ పట్టలేదనుకుని మైదానానికి రావడం మానేస్తాడు. పొడుగున్న పిల్లవాడు మళ్లీ దొరకవచ్చు. తోపులాటలోకి దిగి బంతికోసం పాకులాడే గుండె ఉన్న పిల్లవాడు అంత తేలిగ్గా దొరకడు.

1996లో ఏ జట్టూ పిలవని బెన్ వాలెస్‌ను ఉత్తమ రక్షణ ఆటగాడిగా 2002, 2003, 2005, 2006లలో నాలుగుసార్లు ఎన్నుకున్నారు. 2021లో బాస్కెట్‌బాల్ కీర్తి మందిరంలో చోటిచ్చారు. తన ఆట మొత్తం మీద అతని ఫ్రీత్రోలు నూటికి 41 చొప్పునే పడ్డాయి. ఆ అంకెను ఎవరూ చెరిపేయలేదు, దాచిపెట్టలేదు. మిగతా గళ్లు కూడా చదివి, అన్నీ కలిపి కూడారు. మన పిల్లల పట్టీలు చూసేటప్పుడు, ఆటలోనైనా చదువులోనైనా, ఎర్ర సిరా పడిన గడి దగ్గరే ఆగిపోకుండా చివరి గడి దాకా చదువుదాం.